సౌమ్యకు, ఎలుకల గది సంగతులు

చి. సౌమ్యకు,

పెద్దపేగు క్యాన్సర్ మీద పీహెచ్‌డీ అన్నావు, మోడల్, అంటే ఆ జబ్బు తెప్పించి చూసే ఎలుకల పద్ధతి, నన్నే ఎంచుకోమన్నారు పెదనాన్నా అన్నావు. రిటైరై ఆరేళ్లయినా నా చొక్కాలకి ఎలుకల గది వాసన పోలేదని మీ పెద్దమ్మ ఇప్పటికీ అంటుంది. కాబట్టి అడగాల్సిన వాడినే అడిగావు.

మోడల్ పేరు తర్వాత. ముందు నీ ప్రశ్న ఒక్క వాక్యంలో రాసుకో. ఎందుకంటే మిన్ ఎలుకనే చూడు. 1990లో అమెరికాలో విస్కాన్సిన్ వాళ్లు బయటపెట్టారు. ఏపీసీ జన్యువు దెబ్బతిన్న ఎలుక. మనుషుల్లో పెద్దపేగు నిండా పాలిప్స్ (చిన్న చిన్న కండ బుడిపెలు) లేచే వంశపారంపర్య జబ్బుకీ ఆ జన్యువే మూలం. ఇంకేం, అతికినట్టు సరిపోయిందనుకుంటాం. తీరా కోసి చూస్తే గడ్డలు దాదాపు అన్నీ చిన్నపేగులో! పైగా నాలుగు నెలలు తిరిగేసరికి రక్తం తగ్గి పాదాలు పాలిపోయి చనిపోతుంది. క్యాన్సర్ కాలేయానికి ఎలా పాకుతుందో చూడాలనుకునేవాళ్లకి అది పనికిరాదు.

నీకు కావలసింది పేగు వాపు నుంచి క్యాన్సర్ ఎలా మొదలవుతుందన్నది. అయితే ఏఓఎం-డీఎస్ఎస్ పెట్టుకో. ఏఓఎం అంటే క్యాన్సర్ తెప్పించే అజాక్సీమీథేన్, డీఎస్ఎస్ అంటే పేగుకి వాపు తెప్పించే డెక్స్‌ట్రాన్ సల్ఫేట్ సోడియం. కిలో బరువుకి 10 మిల్లీగ్రాముల అజాక్సీమీథేన్ ఒకే ఇంజెక్షన్. వారం తర్వాత తాగే నీళ్లలో 2 నుంచి 2.5 శాతం డీఎస్ఎస్ ఐదారు రోజులు, ఆపైన రెండు వారాలు మంచినీళ్లు. డీఎస్ఎస్, మంచినీళ్లు ఇలా మూడు విడతలు. మూడు నెలలకల్లా పెద్దపేగు చివరి భాగంలో గడ్డలు కనిపిస్తాయి. మనుషుల్లో వాపు వల్ల వచ్చే పెద్దపేగు క్యాన్సర్లు మొత్తంలో కొద్ది భాగమేనని థీసిస్‌లో నువ్వే రాయి, ఎగ్జామినర్ అడిగేదాకా ఆగకు. అజాక్సీమీథేన్ నీకూ క్యాన్సర్ కారకమే. గ్లౌజులు, ఆవిర్లు లాగేసే ఫ్యూమ్ హుడ్ లేకుండా సీసా మూత తియ్యకు.

డీఎస్ఎస్ కొత్త లాట్ (తయారీ బ్యాచ్) వచ్చిందంటే ముందు నాలుగు ఎలుకల మీద చూసుకో. లాట్ మారితే పాత శాతమే ప్రాణం తీస్తుంది. రోజూ తూకం వెయ్యి. మంచినీళ్లు పెట్టేశాం కదా అని ఊపిరి పీల్చుకున్న రెండు మూడు రోజులకే బరువు అడుక్కి పోతుంది. ఎంత తగ్గితే ప్రయోగం ఆపి దాన్ని బాధ లేకుండా చంపేస్తావో, 20 శాతమో ఇంకోటో, ఎథిక్స్ కమిటీకిచ్చే ఫారంలోనే రాసెయ్యి.

ఇప్పుడు నా పరువు తక్కువ కథ. ఒకసారి గడ్డలు తగ్గిస్తుందేమోనని ఓ మందు పరీక్షిస్తూ, మందిచ్చిన ఎలుకలన్నీ ఒక కేజ్‌లో, కంట్రోల్ (మందివ్వనివి) అన్నీ ఇంకో కేజ్‌లో పెట్టాను. మందిచ్చిన వాటిలో గడ్డలు సగానికి సగం తగ్గాయి. ల్యాబంతా మైసూర్‌పాక్ పంచాను. మళ్లీ చేసినప్పుడు రెండు రకాలనీ ఒకే కేజ్‌లో కలిపి ఉంచితే తేడా మాయం! ఎలుకలు ఒకదాని పెంటికలు ఒకటి తింటాయి. కేజ్‌లో ఉన్నవాటన్నిటికీ పేగులో సూక్ష్మజీవులు ఒకటైపోతాయి. నేను కొలిచింది మందుని కాదు, కేజ్‌ని. నువ్వు పరీక్షించే మందు నోట్లోకి మొన లేని సూదితో పోస్తావు కాబట్టి చెవికి గుర్తులు పెట్టి కలిపేయొచ్చు. మేతలో కలిపితే మాత్రం ఒక్కో గ్రూపుకీ నాలుగైదు కేజ్‌లుండాలి.

కోసేరోజు తొందరపడకు. పేగుని చల్లటి సెలైన్‌తో కడిగి, నిలువునా చీల్చి, ఫిల్టర్ పేపర్ మీద పరిచి, గడ్డలు లెక్కపెట్టడం ఏ ఎలుక ఏ గ్రూపో తెలియనివాళ్లకి అప్పగించు. తర్వాత పురీషనాళం వైపు నుంచి టూత్‌పిక్‌కి చాప చుట్టినట్టు చుట్టి ఫార్మాలిన్‌లో వెయ్యి. ఒక్క స్లైడ్‌లో పేగంతా కనిపిస్తుంది. మొదటి పది చుట్టలూ పాడవుతాయి. మిగిలిపోయిన మామూలు ఎలుకల మీద నేర్చుకో.

ఆదివారాలు తూకం ఎవరు వేస్తారో ఇప్పుడే మాట్లాడుకో. సంక్రాంతికి ఊరొచ్చే ఆలోచన ఉంటే ఆ వారంలో డీఎస్ఎస్ మొదలుపెట్టకు.

మీ పెదనాన్న