అపెండిక్స్ తీసేసినవారికి డైవర్టిక్యులైటిస్

ప్రశ్న: నా వయసు 54. ఇరవైల్లో ఉండగా అపెండిసైటిస్ వచ్చి ఆపరేషన్ చేశారు. ఈమధ్య పొత్తికడుపులో ఎడమవైపు నొప్పి, జ్వరం వస్తే సీటీ స్కాన్ చూసి డైవర్టిక్యులైటిస్ అన్నారు. మందులతో తగ్గింది. ఈ రెండు జబ్బులకూ సంబంధం ఉందా?

జవాబు: పోలికైతే గట్టిగానే ఉంది. అపెండిక్స్ ఒక చివర మూసుకున్న సన్నని గొట్టం. పెద్దపేగు కండరంలోకి రక్తనాళాలు దూరే చోట గోడ బలహీనంగా ఉంటుంది. అక్కడ లోపలి పొర బయటికి ఉబ్బి తిత్తులవుతుంది. అవే డైవర్టిక్యులాలు, అవి వాస్తే డైవర్టిక్యులైటిస్. రెండింటికీ లోపలికీ బయటికీ దారి ఒక్కటే. గట్టిపడిన మలం ముక్క అందులో ఇరుక్కుంటే వాపు, చీము మొదలవచ్చు. తిండిలో పీచు తగ్గడమే రెండింటికీ మూలమని 1970లలో డెనిస్ బర్కిట్ అనే సర్జన్ వాదించారు. అయితే ఒకటి రెండోదానికి దారితీస్తుందని రుజువు కాలేదు. వయసులోనూ తేడా ఉంది: అపెండిసైటిస్ ఎక్కువగా 10-30 ఏళ్ల మధ్య వస్తుంది, తిత్తులు నడివయసు దాటాక పెరుగుతాయి. కాబట్టి అప్పట్లో ఆపరేషన్ చేయించుకున్నందుకు బాధపడకండి.

మీరు నిజంగా జాగ్రత్తపడాల్సింది కుడివైపు నొప్పి విషయంలో. తిత్తులు పెద్దపేగు కుడివైపూ రావచ్చు, ఆసియా వాసుల్లో ఇది ఎక్కువ. అక్కడ వాస్తే అచ్చం అపెండిసైటిస్‌లాగే ఉంటుంది. ఎడమవైపు ఉండాల్సిన సిగ్మాయిడ్ పేగు (పెద్దపేగు చివరి భాగం) పొడవుగా ఉండి కుడివైపు వాలి, అందులోని తిత్తులు వాచినా అంతే. ఆపరేషన్‌లో మిగిలిన అపెండిక్స్ మొదలు వాచడమూ, అరుదుగానైనా, ఉంది. అందుకే ఏ డాక్టర్ దగ్గరికెళ్లినా పాత ఆపరేషన్ సంగతి ముందే చెప్పండి, కాగితాలుంటే చూపించండి.

ఈమధ్య కొలనోస్కోపీ (పెద్దపేగు లోపల కెమెరాతో చూసే పరీక్ష) చేయించుకోకపోతే, నొప్పి తగ్గిన 6-8 వారాలకు చేయించుకోవాలా అని డాక్టర్‌ను అడగండి. స్కాన్‌లో పేగు క్యాన్సర్ కూడా ఇలాగే కనిపించవచ్చు, అందుకే ఈ మాట. పీచు రోజుకు 25-30 గ్రాములు అందేలా చూసుకోండి. ఒక్కసారిగా పెంచితే గ్యాస్, ఉబ్బరం వస్తాయి. కొన్ని వారాలపాటు మెల్లగా, నీళ్లతోపాటు పెంచండి. నొప్పి ఉన్న రోజుల్లో మాత్రం పీచు వద్దు, పలచని ఆహారమే మేలు. గింజలు, పలుకులు తిత్తుల్లో ఇరుక్కుంటాయన్న భయం పాతది, మానేయక్కర్లేదు. సిగరెట్ మానండి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు సొంతంగా వాడకండి, అవి తిత్తులు పగిలే ప్రమాదాన్ని పెంచుతాయి. గుండె కోసం ఆస్పిరిన్ వాడుతుంటే మాత్రం డాక్టర్‌ను అడక్కుండా ఆపొద్దు.

నొప్పితో జ్వరం, ఆగని వాంతులు, కడుపు బల్లలా బిగుసుకుపోవడం, గ్యాస్ కూడా పోకపోవడం: వీటిలో ఏది కనిపించినా విరేచనాల మందో ఎనిమానో వాడుతూ ఇంట్లో ఉండొద్దు. ఆ రాత్రికే ఆసుపత్రికి వెళ్లండి.