చలికి పురుగు గడియారం నెమ్మదిస్తుందా?

ప్రశ్న: నాకు చేవెళ్ల దగ్గర నాలుగెకరాల పత్తి ఉంది. డిసెంబరు చలి ముదిరాక లింగాకర్షక బుట్టల్లో (ఆడ పురుగు వాసన ఉన్న ఎరతో మగవాటిని పట్టేవి) గులాబీ రంగు పురుగు తాలూకు రెక్కల పురుగులు పడటం లేదు. చలికి వాటి లోపలి గడియారం నెమ్మదించి ఉధృతి తగ్గినట్టేనా? తడి ఇచ్చి ఇంకో తీతకు చేను ఉంచవచ్చా?
– ఒక రైతు, రంగారెడ్డి జిల్లా

జవాబు: ఉంచవద్దు. ఖాళీ బుట్టలను నమ్మవద్దు. చలికి మందగించేది పురుగు ఒళ్లే కాని గడియారం కాదు.

గుడ్డు పొదగడం, పురుగు ఎదగడం వేడిని బట్టి సాగుతాయి. అందుకే చలిలో ఒక తరం పూర్తికావడానికి ఎక్కువ రోజులు పడుతుంది. రాత్రీ పగలూ లెక్కపెట్టే గడియారం తీరు వేరు. 1954లో పిట్టెండ్రిగ్ అనే శాస్త్రవేత్త డ్రోసోఫిలా అనే చిన్న పండ్ల ఈగలను 26 డిగ్రీల్లోనూ 16 డిగ్రీల్లోనూ ఉంచి చూశారు. అవి కోశం (ప్యూపా) నుంచి బయటికి వచ్చే లయ రెండు చోట్లా 24 గంటలకు దగ్గరగానే ఉంది. పది డిగ్రీల తేడాకు ఒంట్లోని రసాయన చర్యల వేగం మామూలుగా రెండు మూడు రెట్లు మారుతుంది. అయినా గడియారం చెదరదు. ఎన్నిసార్లు చదివినా నాకు అబ్బురమే.

వేళ తెలిసినా ఎగరడానికి ఒంట్లో వేడి ఉండాలి. వెచ్చని రోజుల్లో గులాబీ రంగు పురుగు జాతి ఆడ రెక్కల పురుగు అర్ధరాత్రి దాటాక మగవాటిని పిలుస్తుంది. చలి రాత్రుల్లో చాలా జాతుల రెక్కల పురుగులు ఆ పనిని మామూలు వేళ కంటే ముందే చేస్తాయి. మరీ చలైతే ఎగరనే ఎగరవు. ఎగరని పురుగు బుట్టలో పడదు. ఎర పాతబడినా పడదు, దాన్ని నెలలోపే మార్చాలి.

కాబట్టి కాయ చీల్చి చూడండి. చేనంతా తిరిగి అక్కడక్కడ 20 పచ్చికాయలు కోయండి. రెండింటిలో బతికున్న పురుగు కనబడితే నష్ట పరిమితికి (నివారణ చేపట్టాల్సిన స్థాయికి) చేరినట్టే. గదుల మధ్య పొరకు గుండ్రటి చిన్న రంధ్రం ఉందా, రెండు గింజలు అతుక్కుని ఉన్నాయా చూడండి. ఆ జంట గింజలను విడదీస్తే లోపల ముడుచుకున్న పురుగు దొరకవచ్చు. హైదరాబాద్ ప్రాంతంలో డిసెంబరు పగలు సుమారు 11 గంటలే. పగలు కుదించుకుపోయిందని గడియారం పసిగడుతుంది, దానికి చలి తోడైతే కొన్ని పురుగులు కోశస్థ దశకు వెళ్లకుండా సుప్తావస్థలో (ఎదుగుదల ఆపిన నిద్రలాంటి స్థితిలో) ఆగిపోతాయి. వెచ్చబడ్డాక రెక్కలొచ్చి కొత్త పత్తి మీద పడేవి అవే.

ఇంకో తీత డబ్బు మీకెంత అవసరమో తెలుసు. కానీ పొడిగించిన చేను వచ్చే వానాకాలం పంటకు పురుగును పెంచి ఇస్తుంది. ఉన్న పత్తి తీసేసి, మోళ్లు పీకి ష్రెడ్డర్‌తో ముక్కలు చేయించండి. కట్టెను గట్టున కుప్పవేయవద్దు, గుడ్డికాయలను చేనులో వదలవద్దు, తీసిన పత్తిని ఇంట్లో ఎక్కువ రోజులు నిల్వ ఉంచవద్దు.
– కీటక శాస్త్రవేత్త, రాజేంద్రనగర్, హైదరాబాద్