చూసిందెవరో ముందు తేల్చుకో

ప్రియమైన తమ్ముడికి,

యేసు కథ చెప్పే మత్తయి, మార్కు, లూకా, యోహాను సువార్తల మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. వాక్యం బాగా నడుస్తోంది. అయితే ఈస్టర్ ఉదయం, అంటే యేసు తిరిగి లేచాడన్న రోజు గురించి రాసినచోట నాలుగు సువార్తలనూ కలిపి ఒకే కథ చేసేశావు. అది విడదీసి మళ్లీ రాయాలి.

నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూడు. మార్కులో యేసు సమాధి దగ్గరికి వెళ్లింది ముగ్గురు: మగ్దలేనే మరియ, యాకోబు తల్లి మరియ, సలోమే. మత్తయిలో ఇద్దరే. లూకాలో సలోమే పేరు లేదు, యోహన్న పేరుంది, ఇంకొందరున్నారు. యోహానులో మగ్దలేనే మరియ ఒక్కతే కనిపిస్తుంది. లోపల కనబడింది మార్కు ప్రకారం ఒక పడుచువాడు, లూకా ప్రకారం ఇద్దరు. ఇవి చూసి టెన్షన్ పడి సర్దిచెప్పకు, అబద్ధం దొరికిందని సంబరపడనూ వద్దు. నాలుగు చోట్లా ఉన్న మనిషి మగ్దలేనే మరియ. ఆడవాళ్ల సాక్ష్యం చెల్లదని ఆ 1వ శతాబ్దంలోనే యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. లూకా 24లో అపొస్తలులే, అంటే యేసు ముఖ్య శిష్యులే, ఈ ఆడవాళ్ల మాట నమ్మలేదు. కథ కల్పించేవాడు ఏరికోరి ఇలాంటి సాక్షిని పెట్టుకోడు. ఈ వాదం బలమైనదే అని నా నమ్మకం. కానీ ఆ బలమంతా ఆడవాళ్లు సమాధికి వెళ్లారన్నంతవరకే. అక్కడ వినబడిన ప్రతి మాటకూ దాన్ని సాగదీయకు.

ఏ సన్నివేశం దగ్గరైనా, ఇది చూసిందెవరు అని అడుగు. పట్టుబడే ముందు గెత్సేమనే అనే చోట యేసు కొంతదూరం వెళ్లి ప్రార్థించాడు, శిష్యులు పేతురు, యాకోబు, యోహాను నిద్రపోయారు అంటాడు మార్కు. మరి ఆ ప్రార్థన మాటలు మనదాకా ఎలా వచ్చాయి? మొదట్లో కొన్ని విన్నారేమో. జవాబు లేకపోతే లేదనే రాయి, ప్రశ్నను మాత్రం దాచకు.

మార్కు 15:21 నాకు చాలా ఇష్టమైన వాక్యం. యేసు సిలువ మోసిన కురేనీయుడైన (కురేనే ఊరివాడైన) సీమోనును ‘అలెక్సంద్రుకును రూఫునకును తండ్రి’ అని పరిచయం చేస్తాడు. ఆ కొడుకులు కథలో ఇంకెక్కడా కనబడరు. మార్కు ఎవరి కోసం రాశాడో వాళ్లకు ఈ ఇద్దరూ తెలిసినవాళ్లే అయ్యుండాలి, లేకపోతే ఆ పేర్లతో పనేముంది? మత్తయి, లూకా అదే సంగతి చెబుతూ కొడుకుల పేర్లు వదిలేశారు. రోమీయులకు రాసిన పత్రిక 16:13లోనూ ఒక రూఫు ఉన్నాడు. ఇతనే అతను అని మాత్రం తేల్చేయకు, అప్పట్లో అది మామూలు పేరే.

లూకాను నువ్వు ప్రత్యక్ష సాక్షి అన్నావు. ఆయనే ఆ మాట అనలేదు. కన్నులారా చూసినవాళ్లు అప్పగించినదాన్ని పరిశీలించి రాస్తున్నానని మొదట్లోనే చెప్పుకున్నాడు. అది సరిదిద్దు.

తిరిగి లేచిన యేసును ఐదువందల మందికి పైగా చూశారన్న అపొస్తలుడు పౌలు మాటను నువ్వు చివర్లో పెట్టావు. కొరింథీయులకు ఆ పత్రిక రాసింది 50ల మధ్యలో, అంటే మార్కు సువార్త కంటే ముందు. ఆ ఐదువందల మందిలో చాలామంది ఇంకా బతికే ఉన్నారంటాడు గానీ ఒక్కరి పేరూ చెప్పడు, ఊరూ చెప్పడు. అదే చోట కేఫా (అంటే పేతురే), యాకోబుల పేర్లు చెబుతాడు. యెరూషలేములో కేఫా దగ్గర 15 రోజులు ఉన్నాననీ, ప్రభువు సహోదరుడైన యాకోబును చూశాననీ గలతీయులకు స్వయంగా రాసుకున్నాడు. సాక్షిని ఎదురుగా కలిసినవాడు తన చేత్తో చెప్పిన సంగతి మనకు ఇంత దగ్గరగా ఇంకెక్కడా దొరకదు. నీ వ్యాసం ఆ 15 రోజులతో మొదలుపెట్టి తిరగరాసి పంపు.

ఆశీస్సులతో,
మీ అన్న