పాత బాడుగవాళ్ల కరెంటు బాకీ నీ నెత్తిన పడితే

సెలవుకు అనంతపురం వచ్చిన మూడో రోజే మా వీధి చిన్నాయన ఫోన్ పట్టుకుని ఇంటికి వచ్చాడు. ఇంగ్లండ్‌లో చదువుతున్న కొడుకు పంపిన ఫొటో చూపించాడు. ఇల్లు మారి నెల కాలేదు, 640 పౌన్లు కట్టమని కరెంటు కంపెనీ నోటీసు. "ఈ రోజే పంపాలా నాయనా?" అన్నాడు. పంపొద్దు చిన్నాయనా అన్నాను. ఫొటో పెద్దది చేసి చూస్తే, ఆ బిల్లు కాలం పిల్లవాడు ఇంట్లో దిగకముందే అయిపోయింది. నోటీసులో అంకె చూశాడు గానీ తేదీలు చూడలేదు.

తమ్ముడూ, మనూళ్లో కరెంటు బాకీ సర్వీసు నంబరును పట్టుకుని ఉంటుంది. పాతవాళ్లు ఎగ్గొట్టి పోతే లైను కట్ చేస్తారు, తర్వాతివాళ్లు కట్టుకోవాల్సిందే. ఆ అలవాటే అక్కడ మనల్ని ముంచుతుంది. బ్రిటన్‌లో బాకీ ఇంటిది కాదు, వాడుకున్న మనిషిది.

నాకు ఇది తెలిసేసరికి చాలా డబ్బు పోయింది. 2010 జనవరిలో ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో బాడుగ ఇంట్లో దిగాను. మెట్ల కింద అలమరలో మీటరు. ముందు డబ్బు వేసుకుని వాడుకునే రకం. ప్లాస్టిక్ తాళంచెవి ఒకటి ఉంటుంది, వీధి చివర దుకాణంలో అందులో 10 పౌన్లు వేయించుకుని వచ్చి మీటరులో పెట్టాలి. వేసిన డబ్బు వేసినట్టే కరిగిపోయేది. హీటరు తాగేస్తోందనుకుని దాన్ని ఆపేసి, రెండు స్వెటర్లు వేసుకుని పడుకున్నాను. పౌను అప్పుడు 70 రూపాయల దగ్గర ఉంది. మా నాయన వేరుశెనగ చేను కుదువపెట్టి పంపిన డబ్బు. తాళంచెవిలో 10 పౌన్లు వేయించినప్పుడల్లా 700 అని లెక్క వేసుకునేవాణ్ణి. మార్చిలో ఒక రాత్రి మీటరు బటన్ నొక్కుతూ పోతే తెర మీద అప్పు 212 పౌన్లు అని కనిపించింది. నాకంటే ముందున్నవాళ్ల బాకీ. వారం వారం నా డబ్బులోంచే కోసుకుంటున్నారు.

కంపెనీకి ఫోన్ చేస్తే దిగిన రోజు రీడింగు అడిగారు. నేను రాసుకోలేదు. రెండు నెలలు తిరిగాక, ఇల్లు అప్పగించేటప్పుడు ఏజెంటు రాసిన కాగితంలో ఆ అంకె దొరికింది. అప్పుడే కొత్త తాళంచెవి ఇచ్చి, కోసుకున్న డబ్బు వెనక్కి ఇచ్చారు. ఇప్పుడు నాకు అక్కడ సొంత ఇల్లుంది, అయినా ప్రతి నెలా ఒకటో తేదీన మీటరు ఫొటో తీస్తాను. ఇప్పటి పిల్లలు ఇంట్లో దిగగానే వంటగది ఫొటో అమ్మకు పంపుతారు, మీటరు వైపు మాత్రం చూడరు.

రూల్స్ కొన్నే. సంతకం పెట్టకపోయినా, దిగిన రోజు నుంచి వాడిన కరెంటుకు, గ్యాసుకు నువ్వే కట్టాలి. అంతకుముందుది ఒక్క పెన్నీ కూడా నీది కాదు. అగ్రిమెంటు కాపీ, తేదీతో రీడింగు ఫొటో పెట్టి కంపెనీకి ఈమెయిల్ చెయ్యి. 8 వారాల్లో తేల్చకపోతే కరెంటు, గ్యాసు కంపెనీల మీద ఫిర్యాదులు తీర్చే ఎనర్జీ అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు, ఖర్చు లేదు. దారి చెప్పడానికి సిటిజన్స్ అడ్వైస్ అనే ఉచిత సలహా సంస్థ ఉంది. మిగతాది అక్కడి కరెంటు, గ్యాసు కంపెనీలను అదుపు చేసే ప్రభుత్వ సంస్థ ఆఫ్‌జెమ్ వెబ్‌సైట్‌లో చదువుకో.

నా భయమంతా డబ్బు గురించే. కొంత కడితే టెన్షన్ పోతుందని 50 పౌన్లు కూడా కట్టొద్దు. కట్టింది వెనక్కి రాబట్టడానికి నాకు ఎంత పట్టిందో చెప్పాను కదా. పైగా ఇప్పుడు పౌను నూరు రూపాయలు దాటింది.

పాతవాళ్ల పేరుతో ఉత్తరం వస్తే విప్పకుండా, ఈ ఇంట్లో లేరని పైన రాసి తిప్పి పంపు. పేరు లేకుండా 'ఆక్యుపయర్', అంటే ఇంట్లో ఉంటున్నవాళ్లు, అని ఉంటే అది నీకే. పక్కన పడేస్తే కోర్టు వారంటుతో వచ్చి ముందు డబ్బు వేసుకునే మీటరు పెట్టే దాకా పోవచ్చు. విప్పి, తేదీలు చూసి, ఆ రోజే జవాబు రాయి. మీ నాయనకు ఫోన్ చేసి డబ్బు అడగడం ఆ తర్వాత.