మిల్లు మోతకు చెవిలో హోరు మొదలైంది... పరిహారం అడగొచ్చా?

ప్రశ్న: లాయర్ గారూ, నాకు 41 ఏళ్లు. పల్నాడు జిల్లాలో ఒక మిల్లు లూమ్ షెడ్డులో 11 ఏళ్లుగా ఫిట్టర్‌గా చేస్తున్నాను. మూడు నెలల కిందట రెండు చెవుల్లో సన్నగా ఈల వేసినట్టు హోరు మొదలై ఇప్పటికీ ఆగలేదు. రాత్రిళ్లు నిద్ర ఉండటం లేదు. ఇదివరకు మగ్గం తేడా చేస్తే శబ్దం విని పట్టేసేవాణ్ణి, ఇప్పుడు పట్టలేకపోతున్నాను. గుంటూరులో ఈఎన్‌టీ డాక్టరు గారు చూసి, మోత వల్ల వినికిడి దెబ్బతిందని, హోరు పూర్తిగా పోయే మందు లేదని చెప్పారు. మా మేనేజరు గారేమో ‘వయసొస్తే అంతే, చేయలేకపోతే రాజీనామా రాసివ్వు, లెక్క చూసి పంపిస్తాం’ అంటున్నారు. జీతంలో ఈఎస్‌ఐ కట్ అవుతోంది. చెవిలో మోగేది నాకు తప్ప ఎవరికీ వినపడదు కదా, దీనికి పరిహారం వస్తుందా?
– ఒక పాఠకుడు

జవాబు: అన్నిటికంటే ముందు, రాజీనామా రాయకండి. ‘లెక్క చూసి పంపిస్తాం’ అన్నప్పుడు సంతకం పెట్టమనే కాగితంలో ‘ఇక నాకు ఎలాంటి బాకీ, క్లెయిమ్ లేవు’ అనే వాక్యం సాధారణంగా ఉంటుంది. దాని మీద సంతకం పెట్టాక పోరాడటం అసాధ్యం కాదు గానీ, చేతిలో ఉన్న బలం సగం పోతుంది. పైగా మీకు రావలసిన దానికోసం ఉద్యోగం వదలాల్సిన అవసరమే లేదు. ఈఎస్‌ఐలో (కార్మికుల కోసం ప్రభుత్వం నడిపే బీమా పథకం) శాశ్వత పాక్షిక వైకల్యానికి ఇచ్చే నెలవారీ చెల్లింపు జీతం తీసుకుంటున్నవారికి కూడా వస్తుంది, బతికినంత కాలం వస్తుంది.

ఇక అసలు ప్రశ్న. చెవిలో హోరు అనే బాధ విడిగా మన చట్టం జాబితాలో లేదు. ‘శబ్దం వల్ల వినికిడి లోపం’ మాత్రం వృత్తి వ్యాధుల జాబితాలో ఉంది. ఉద్యోగుల పరిహార చట్టం (1923), ఈఎస్‌ఐ చట్టం (1948) రెండింటి మూడో షెడ్యూల్లోనూ ఉండేది. 2025 నవంబరు 21 నుంచి ఈ రెంటి స్థానంలో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్‌లోనూ ఉంది. కాబట్టి మీ క్లెయిమ్ ‘నా చెవి మోగుతోంది’ అని మొదలైతే నిలబడదు. ‘నా వినికిడి మిల్లు మోత వల్ల దెబ్బతింది, దానితోపాటు ఈ హోరు వచ్చింది, రెండూ కలిసి నా పనిని దెబ్బతీశాయి’ అని మొదలు కావాలి. హోరు గురించి మాత్రమే రాసి, వినికిడి మాట ఎత్తకపోతే మంచి కేసు కూడా మొదట్లోనే కుంటుపడుతుంది.

అందుకే అన్నిటికీ మూలం ఆడియోగ్రామ్, అంటే ఎంత వినపడుతోందో గ్రాఫుగా చూపే పరీక్ష. డ్యూటీ దిగి నేరుగా వెళ్లి ఆ పరీక్ష చేయించుకోవద్దు. మోతలోంచి వచ్చిన కొన్ని గంటలపాటు వినికిడి తాత్కాలికంగా మందగిస్తుంది. అది తాత్కాలిక లోపమే అని, మీ నష్టాన్ని తేల్చే మెడికల్ బోర్డు పక్కన పెట్టే వీలుంటుంది. వారపు సెలవు రోజు సాయంత్రమో, మర్నాడు షిఫ్టు ఎక్కకముందో చేయించండి. శబ్దం చేసిన దెబ్బకు గ్రాఫులో ఒక గుర్తు ఉంటుంది. 4000 హెర్ట్జ్ దగ్గర గీత లోతుగా పడి, 8000 దగ్గర మళ్లీ కొంత పైకి లేస్తుంది. వయసు వల్ల వచ్చే లోపంలో సాధారణంగా ఆ లేవడం ఉండదు, పై ఫ్రీక్వెన్సీల్లో గీత అలా దిగుతూనే పోతుంది. మేనేజరు గారి ‘వయసొస్తే అంతే’ అన్న మాటకు 41 ఏళ్ల మనిషి ఇవ్వగల బలమైన సమాధానం ఆ గ్రాఫే. ఆడియాలజిస్టుతో మరో రెండు విషయాలు కాగితం మీద పెట్టించండి. మీకు వినపడే హోరు ఏ స్థాయిలో, ఏ శబ్దానికి సరిపోలుతోందో కొలిచే పరీక్ష ఒకటి ఉంది. హోరు నిద్రనూ పనినీ ఎంత దెబ్బతీస్తోందో అడిగే 25 ప్రశ్నల పత్రం ఇంకొకటి. ఎవరికీ వినపడదని మీరు బెంగపడుతున్న బాధకు ఇవే సాక్ష్యం.

మీరు ఈఎస్‌ఐ పరిధిలో ఉన్నారు కాబట్టి దారి అటే. జీతం చీటీలో 0.75 శాతం కోత కనిపిస్తోందో లేదో చూసి, ఆ చీటీలు దాచండి. ఈ దారిలో తప్పు మిల్లుదా మీదా అనే విచారణ ఉండదు. ‘ఇయర్ ప్లగ్స్ ఇచ్చాం, అతనే పెట్టుకోలేదు’ అన్నా మీ హక్కు పోదు. మీ డిస్పెన్సరీ డాక్టరు దగ్గర మొదలుపెట్టి, పని వల్ల వచ్చిన వినికిడి లోపంగా కేసు షీటులో రాయించి, ఈఎన్‌టీకి రిఫరల్ తీసుకోండి. మీకైతే విజయవాడ గుణదల ఈఎస్‌ఐ ఆస్పత్రి దగ్గర. తర్వాత మెడికల్ బోర్డు కూర్చుని మీ సంపాదన సామర్థ్యం ఎంత శాతం తగ్గిందో నిర్ణయిస్తుంది. బోర్డు బెరా పరీక్ష అడిగితే నొచ్చుకోవద్దు. ఆడియోగ్రామ్ మీరు ‘వినపడింది’ అని చెప్పడం మీద నడుస్తుంది. బెరాలో మీరు చెప్పేదేమీ ఉండదు, నరాల స్పందనను యంత్రమే నమోదు చేస్తుంది. నిజంగా బాధపడేవాడికి అది మేలే చేస్తుంది.

ఎంత వస్తుందంటే, లెక్క ఇలా ఉంటుంది. మీ సగటు రోజు కూలి 700 రూపాయలనుకుందాం. అందులో 90 శాతం 630. బోర్డు 20 శాతం నష్టం అని తేలిస్తే రోజుకు 126, నెలకు దాదాపు 3,780 రూపాయలు. పెద్ద మొత్తం కాదు, కానీ జీవితాంతం ఆగని మొత్తం.

ఆ శాతం దగ్గరే మీ కేసులో అసలు వాదన ఉంది. చట్టం షెడ్యూల్లో పూర్తి చెవుడుకు 100 శాతం అని రాసి ఉంది. పాక్షిక లోపానికి స్థిరమైన అంకె లేదు. అంటే బోర్డు మీ పనిని చూసి నిర్ణయించాలి. చాలామంది చెవి ఎంత పోయిందో మాత్రమే చెప్పి వచ్చేస్తారు. సంపాదన ఎంత పోయిందన్నది వేరే ప్రశ్న. ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసులో (1976) ఎడమ చేయి పోగొట్టుకున్న వడ్రంగికి సుప్రీంకోర్టు నష్టం 100 శాతంగా లెక్కించింది, ఒంటి చేత్తో వడ్రంగం చేయలేడు కాబట్టి. మీది అంత తీవ్రమైన స్థితి కాదు, అంత శాతం ఆశించవద్దు. కానీ సూత్రం మీకూ వర్తిస్తుంది. మగ్గం శబ్దంలో తేడా పట్టడం ఫిట్టరు పనిలో భాగం. హోరు వల్ల అది చేయలేకపోతున్నారు. ఏ పని, ఎలా దెబ్బతింది, ఎన్ని రోజులు సెలవు పెట్టాల్సి వచ్చింది అన్నవి ఒక పేజీలో రాసి బోర్డుకు ఇవ్వండి. మీరు పంపిన ప్రశ్నలో మగ్గం తేడాను శబ్దం విని పట్టలేకపోతున్నానన్న ఆ ఒక్క వాక్యమే నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించింది. బోర్డు నిర్ణయం నచ్చకపోతే మెడికల్ అప్పీల్ ట్రిబ్యునల్‌కో, ఈఎస్‌ఐ కోర్టుకో వెళ్లొచ్చు. గడువు దాటకుండా ఉత్తర్వు చేతికి అందిన వారంలోనే లాయరును కలవండి.

మిల్లుకు రాసే ఉత్తరంలో జాగ్రత్త. ‘నేను ఇక పని చేయలేను’ అని రాయకండి. అనారోగ్యం కారణంగా మిమ్మల్ని తొలగించాలని చూస్తే మీ ఉత్తరమే వాళ్లకు ఆధారం అవుతుంది. ఇలా రాయండి: ‘లూమ్ షెడ్డు మోత వల్ల నా వినికిడి దెబ్బతిన్నదని డాక్టరు ధ్రువీకరించారు. నేను పని చేయడానికి సిద్ధంగా ఉన్నాను. మోత తక్కువగా ఉండే విభాగానికి మార్చమని, అంతవరకు సరైన ఇయర్ మఫ్స్ ఇవ్వమని కోరుతున్నాను.’ రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు ఉంచుకోండి. ఈఎస్‌ఐ చట్టం (1948) ప్రకారం అనారోగ్య లేదా తాత్కాలిక వైకల్య ప్రయోజనం పొందుతున్న కాలంలో కార్మికుణ్ణి తీసేయడానికి వీలుండేది కాదు, కొత్త కోడ్ కింద ఆ రక్షణ ఎలా ఉందో లాయరును అడిగి తెలుసుకోండి.

మోత ఎంత ఉండేదో కూడా రుజువు కావాలి. ఫ్యాక్టరీ నిబంధనల ప్రకారం 8 గంటల షిఫ్టుకు హద్దు 90 డెసిబెల్స్. 95 అయితే 4 గంటలు, 100 అయితే 2 గంటలే ఉంచాలి. హద్దు దాటే చోట పనిచేసేవారికి ఏటా వినికిడి పరీక్ష చేయించడం యాజమాన్యం బాధ్యత. మీరు చేరినప్పటి పరీక్షలో వినికిడి బాగున్నట్టు ఉంటే దాన్ని మించిన సాక్ష్యం లేదు. ఆ రిపోర్టుల నకళ్లు మిల్లును అడగండి. ఇవ్వకపోతే ఫ్యాక్టరీల శాఖకు పది రూపాయల సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, మీ షెడ్డులో శబ్దం కొలిచిన రిపోర్టులు అడగండి. శబ్దం వల్ల వచ్చిన వినికిడి లోపం, డాక్టరు ఆ శాఖకు తెలియజేయాల్సిన వ్యాధుల్లో ఒకటి. మీ డాక్టరు గారికి ఆ సంగతి మర్యాదగా గుర్తుచేయండి.

మిల్లు మీద నష్టపరిహారానికి విడిగా సివిల్ దావా వేయమని ఎవరైనా సలహా ఇస్తే డబ్బు పోగొట్టుకోకండి. ఈఎస్‌ఐ వర్తించే కార్మికుడికి ఆ దారి మూసి ఉందని వెస్టర్న్ ఇండియా ప్లైవుడ్ కేసులో (1997) సుప్రీంకోర్టు చెప్పింది. ఈఎస్‌ఐ లేనివారి సంగతి వేరు. వాళ్లు ఉద్యోగుల పరిహారం కింద యజమాని నుంచే అడగాలి. అక్కడ ఆరు నెలలు ఎడతెగకుండా ఆ పనిలో ఉన్నవారికి వచ్చిన వినికిడి లోపం పని వల్లే వచ్చిందని చట్టం భావిస్తుంది. కాదని రుజువు చేయాల్సింది యజమాని. గడువు మామూలుగా రెండేళ్లు. సిరిసిల్ల మరమగ్గాల దగ్గర పనిచేసే సోదరులు కూడా ఈ మాట గమనించాలి. దివ్యాంగుల చట్టం (2016) సర్టిఫికెట్ మాత్రం మీకు ఇప్పుడు దొరకడం కష్టం. అందులో రెండు చెవుల్లోనూ కనీసం 60 డెసిబెల్స్ లోపం ఉండాలి, హోరుకు చోటు లేదు.

కేసు తేలడానికి నెలలు పడుతుంది. అంతవరకు ఆ హోరుతో మీరే గడపాలి కదా. వైద్యం డాక్టరు గారు చెప్పాల్సిందే అయినా, నా దగ్గరికి వచ్చేవారికి చెప్పేవి మీకూ చెబుతాను. ఇకమీదట చెవికి మోత తగలనివ్వకండి, పెళ్లి ఊరేగింపు డీజే సహా. కానీ నిశ్శబ్దంగా ఉన్న గదిలో పడుకోవద్దు, అక్కడ హోరే పెద్దగా వినపడుతుంది. ఫ్యాను శబ్దమో, సన్నగా రేడియోనో ఉండనివ్వండి. వినికిడి లోపం ఉన్నవారిలో చాలామందికి వినికిడి యంత్రం పెట్టుకుంటే హోరు బాధ కూడా తగ్గుతుంది, ఈఎస్‌ఐలో దాని గురించి అడగండి. హోరును పట్టించుకోకుండా ఉండేలా మనసుకు తర్ఫీదు ఇచ్చే కౌన్సెలింగ్ పనిచేస్తుందని రుజువైంది. హోరు మాయం చేస్తామని ప్రకటనలిచ్చే మందులకు రూపాయి పెట్టకండి. ఒక చెవి ఉన్నట్టుండి వినపడకపోయినా, కళ్లు తిరిగినా, గుండె కొట్టుకున్నట్టు చెవిలో కొట్టుకున్నా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. నిద్రలేక బతుకు మీద విరక్తి కలిగితే టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. వెళ్లిన ప్రతిచోటా చీటీ తీసుకుని ఫైల్లో పెట్టండి, అవీ సాక్ష్యాలే.

లాయరు ఫీజు గురించి భయం వద్దు. లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం (1987) 12వ సెక్షన్ కింద పారిశ్రామిక కార్మికుడికి ఉచిత న్యాయ సహాయం హక్కు. గుంటూరు జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. వెళ్లేటప్పుడు ఆడియోగ్రామ్, ఈఎన్‌టీ చీటీ, జీతం చీటీలు, ఈఎస్‌ఐ కార్డు, మిల్లుకు పంపిన ఉత్తరం రసీదు వెంట తీసుకెళ్లండి.