బీపీ బాగానే ఉంది, మనిషి ఎందుకు కూలిపోయాడు?

కావలి దగ్గర హైవే మీద బైకు నుంచి పడ్డాయనకి బీపీ 110/70 ఉండి కూడా కాసేపటికే స్పృహ తప్పిందన్నారు కదన్నా. రక్తం పోతుంటే బీపీ ఆఖర్న పడుతుంది, దాన్నే నమ్ముకుంటే మోసపోతాం. రక్తం పోయేకొద్దీ నాళాలు బిగుసుకుంటాయి, గుండె వేగం పెంచుతుంది. అందుకే ఎదిగిన మనుషుల్లో ఒంట్లో రక్తం సుమారు 30 శాతం పోయేదాకా బీపీ నిలబడొచ్చు. ముందు చూడాల్సింది నాడి నిమిషానికి 100 దాటిందా, ఒళ్లు చల్లబడి చెమట పట్టిందా, మాట తడబడుతోందా. గోరు 5 సెకన్లు నొక్కి వదిలితే 2 సెకన్లలో ఎరుపు తిరిగి రావాలి (చలిలో ఈ లెక్క తప్పుతుంది, మన ఎండల్లో ఆ బాధ తక్కువే).

కారే రక్తాన్ని గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి, చూద్దామని మధ్యలో ఎత్తొద్దు. మెడ కదలకుండా పడుకోబెట్టి దుప్పటి కప్పండి. సోడాలు, మంచినీళ్లు పొయ్యొద్దు. 108 వచ్చేదాకా 5 నిమిషాలకోసారి నాడి, శ్వాస రాయండి. పైకి రక్తం కనపడకపోతే ఛాతీ, కడుపు, తుంటి, తొడ ఎముక దగ్గర లోపల రక్తం పోతోందేమోనని అనుమానించాలి.