వాదనకి జవాబు చెప్పకుండా ట్రిబ్యునల్ కేసు వెనక్కి పంపొచ్చా?

ఆదాయపు పన్ను ట్రిబ్యునల్ మీ కేసుని మళ్ళీ ఏఓ (పన్ను లెక్కగట్టే అసెసింగ్ ఆఫీసర్) దగ్గరికే రిమాండ్ చేసింది, అంటే వెనక్కి పంపింది, మీ మొదటి గ్రౌండ్ (అప్పీల్‌లో పెట్టిన వాదన) ఊసే ఎత్తలేదు, ఇది సరైనదేనా అని అడిగారు. నన్నడిగితే ముమ్మాటికీ కాదు. 1961 చట్టం సెక్షన్ 254(1) కింద వాళ్ళకి రిమాండ్ చేసే అధికారం ఉంది, కాదనను. కానీ అసెస్‌మెంట్‌కి ఇచ్చిన నోటీసే చెల్లదు మొర్రో అని మనం అంటుంటే దాని సంగతి తేల్చకుండా లెక్కలు మళ్ళీ చూడమని పంపడం ఏంటి? పెళ్ళే జరగలేదని ఒకరు మొత్తుకుంటుంటే కట్నం లెక్క మళ్ళీ వేయమన్నట్టు ఉంటుంది.

మా నాన్నగారికి ఎరువుల కొట్టు. నోట్ల రద్దప్పుడు 14 లక్షలు బ్యాంకులో వేశారు, అంతా రైతులు అరువు తీర్చిన డబ్బే. రిటర్న్ 2017 ఆగస్టులో వేశాం కాబట్టి 143(2) నోటీసు (రిటర్న్‌ని పరిశీలనకి తీసుకున్నామని ఏఓ పంపేది) 2018 సెప్టెంబర్ 30 లోపు రావాలి, వచ్చింది అక్టోబర్‌లో. మా ఆడిటర్ గారు అప్పుడే అభ్యంతరం రాసిచ్చారు (ఇది చాలా ముఖ్యం, అసెస్‌మెంట్ అయ్యేలోపు రాయకపోతే నోటీసు సరిగ్గా అందినట్టే లెక్కేసే సెక్షన్ 292బిబి అడ్డొస్తుంది). ఏఓ పట్టించుకోలేదు. మూలం చూపలేని డబ్బు గురించిన సెక్షన్ 69ఎ కింద మొత్తం ఆదాయంలో కలిపి 77.25 శాతం పన్ను వేశారు, అంటే దాదాపు 10.8 లక్షలు, వడ్డీ వేరే. నాన్నకి ఆ టెన్షన్‌తో షుగర్ పెరిగింది.

ట్రిబ్యునల్‌లో మా లాయర్ గారు ఆ నోటీసున్న పేజీకి పసుపు చీటీ అంటించి మరీ చూపించారు. మెంబర్ గారు తేదీ చదివి, రిటర్న్ ఎప్పుడు వేశారని అడిగి రాసుకున్నారు కూడా. మేం గెలిచేశామనుకుని బయటికొచ్చి ఇడ్లీ తిన్నాం. తీరా ఆర్డర్ 11 పేజీలొచ్చింది, అందులో రెండు పేజీలు మా గ్రౌండ్లే దింపారు. చివర్లో 'నగదు మూలం ఏఓ తాజాగా పరిశీలించాలి, మిగతా గ్రౌండ్లు ఈ దశలో అకడమిక్ (అంటే తేల్చాల్సిన పనిలేదు)' అని రెండు ముక్కలు. నోటీసు చెల్లదంటే మూలం పరిశీలించే పనే ఉండదు కదా, మరి అకడమిక్ అయింది ఏది? పైగా 2016 నాటి చిట్టాలు మళ్ళీ పట్టుకెళ్ళాలి, సగం చెదలు తినేశాయి. పోర్టల్‌లో ఎక్కిద్దామంటే ఫైల్ సైజు ఎక్కువంటుంది, అదో నరకం.

చెప్పొచ్చేదేంటంటే, గడువులోగా 143(2) నోటీసు ఇవ్వకపోవడం సరిదిద్దుకోగలిగే చిన్న లోపం కాదని హోటల్ బ్లూ మూన్ కేసులో 2010లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మేం ఆ తీర్పూ ఇచ్చాం, ఆర్డర్‌లో దాని పేరు లేదు. ముందు పెట్టిన తీర్పుని చూడకపోవడం రికార్డులో కనిపించే పొరపాటేనని హోండా సియెల్ కేసులో (2007) ఉంది. అదే పట్టుకుని 254(2) కింద మిసిలేనియస్ అప్లికేషన్ (ఆర్డర్‌లో పొరపాటు దిద్దమని ట్రిబ్యునల్‌నే అడిగేది) వేశాం, ఫీజు 50 రూపాయలు. ఆ ఒక్క గ్రౌండ్ వరకు ఆర్డర్ రీకాల్ చేశారు, అంటే వెనక్కి తీసుకున్నారు. అయితే 'తప్పుగా తేల్చారు' అని అందులో రాయకండి, కొట్టేస్తారు, దానికి హైకోర్టుకే వెళ్ళాలి. 'అసలు తేల్చనేలేదు' అని మాత్రమే రాయాలి.

మీ వకీలే రిమాండ్‌కి ఒప్పుకున్నారేమో ఆర్డర్‌లో ఒకసారి చూసుకోండి, చాలామంది చేసే పనే అది. ఒప్పుకోలేదంటే, ఈ అప్లికేషన్ వేయడానికి ఆర్డర్ ఇచ్చిన నెలాఖరు నుంచి ఆరు నెలలే గడువు. అది ఏ నెలలో వచ్చిందో మీరు రాయలేదు.